ముక్కకు తొమ్మిది రూపాయలు

ఉప్పల్ డిపో ఎనుక, ఐలయ్య సేటు అడ్డాల
పదకొండేండ్ల సంది నాది ఇటుకల లెక్క.
లారీకి మూడు వేలు.
దించేటప్పుడు పగిలినయి నూటయాభై దాక మాఫీ,
అంతకు మించితే డ్రైవర్ బాలమల్లుతోని జగడం.

గసొంటి నేను
ప్లాస్టిక్ ఇటుకల డబ్బా కొన్న.

నాలుగు వేల ముక్కలు, ముప్పై ఆరు వేల రూపాయలు.
మాల్‌ల నిలబడి, పాత పార్కింగ్ చీటీ ఎనుక భాగారం చేసిన.
ముక్కకు తొమ్మిది.
ఆ పొద్దు మా అడ్డాల ఎర్ర ఇటుక గూడ తొమ్మిదే.
గది చూసినంక ఎందుకో
చెయ్యి దానంతటదే కార్డు తీసింది.

స్వరూప ఏమనలే.
కుక్కర్ మూడు కూతలేసే దాక ఆగి
"బోడుప్పల్‌ల గజం ఎంత నడుస్తుంది?" అన్నది.
మనసుల లెక్క కట్టిన:
ఈ పైసలకు వచ్చే జాగల
ఒక మనిషి నిలబడొచ్చు,
కూసుండనీకి రాదు.

"సీల్ తియ్యకున్రి సార్," అన్నడు కౌంటర్ కాడి ఇర్ఫాన్,
"కంపెనీ ఈ మోడల్ బంద్ చేసిందనుకో, డబల్."
తియ్యలే.
దుప్పట్ల చుట్టి బీరువా మీదికెక్కించిన.
ఎవలన్న అడిగితే మిక్సీ అని చెప్పేది స్వరూప.
రెండుసార్లు ఇల్లు మారినం,
రెండుసార్లూ ట్రాలీ ఆటోల అది నా ఒళ్ళెనే.
టీవీని మాత్రం మంచం కోళ్ళ నడుమ ఇరికించిన.

చిన్మయికి అప్పుడు తొమ్మిదేండ్లు.
ఐతారం ఐతారం బీరువా కింద నిలబడి
"ఇయ్యాల?" అనేది.
"ధర పెరగనీ బిడ్డా" అనేటోన్ని.
ధర పెరిగింది. ఫోన్ల చూసుకుంట మురిసిన.
అడుగుడు ఎప్పుడు బందయిందో
ఆ తారీకు మాత్రం ఏ ఖాతాల రాసుకోలే.

పోయిన శ్రావణంల ముసురు.
స్లాబ్ ఒక్క రాత్రి కారింది, సరిగ్గ ఆడనే.
డబ్బా ఉబ్బి, బొమ్మ ఊడి, మూల పిగిలింది.
ఇర్ఫాన్ కు ఫోన్ చేస్తే
"డబ్బా ఖరాబైతే సగం గూడ రాదు సార్" అన్నడు,
సావు కబురు చెప్పినట్టు మెల్లగ.

ఆ రాత్రే కత్తెర తెచ్చిన.

పందొమ్మిది రాత్రులు.
సిమెంటు లేదు, ఇసుక లేదు, నీళ్ళు కొట్టుడు లేదు.
గూనమట్టం లేకుంటనే గోడ నిటారుగ లేస్తుంది.
బొటనేలు తోలు మాత్రం మేస్త్రీకి లేసినట్టే లేసింది.
కింద బేకరీ, నడిమి అంతస్తుల పియానో,
మీద ఎర్ర పెంకుల గది, కిటికీల గోరంత పూలకుండీ.
కండ్లు గుంజుతున్నా
ఇంకో సంచి, ఇంకొక్క సంచి.
పడుకున్నంక గూడ ఏండ్లు నొక్కుతున్నట్టే ఉండేది.

పదమూడేండ్ల చిన్మయి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి
వంగి చూసింది.
"నాన్నా, దీంట్ల బాత్రూం లేదు."
మళ్ళ చూసింది.
"మీది పోర్షన్ కిరాయి ఎంత?"
అంతే. పోయింది.

అయిపోయినంక పదకొండు ముక్కలు మిగిలినయి.
గుండె జారింది. ఎక్కడనో తప్పు కట్టిన!
పుస్తకం మొదటి నుంచి తిప్పిన, రెండు గంటలు.
తప్పు లేదు. కంపెనోల్లే ఎక్కువ ఏస్తరట.
నా సర్వీసుల ఏ లారీ
ఒక్క ఇటుక ఎక్కువ దించలే.

దండుగనా, కాదా?
సేటు అడిగితే దండుగే అంట.
బాలమల్లు అడిగితే ఇంకో మాట అంటనేమో,
ఆయన అడగడు.

నిన్న ఓనర్ సత్తిరెడ్డి
కిరాయి పెంచే ముచ్చటతోని వచ్చి
షోకేసు ముందట ఆగిండు.
కండ్లద్దాలు పైకి నూకి
బేకరీల రొట్టెలు ఒక్కొక్కటి లెక్కపెట్టిండు.
"మస్తుగున్నది. ఎంత పడ్డది?"

"నాలుగు వందలు, కోఠి ఫుట్‌పాత్ మీద" అన్న.

వంటింట్ల గరిటె చప్పుడు ఆగింది.
స్వరూప నవ్విందో
పోపు ఘాటుకు దగ్గిందో.