పసుపు ఆరేదాకా

ముప్పై ఏళ్ళు ఓడల పొట్టలకి ఎర్ర రంగు వేశాను.
డ్రైడాకులో తాడుకి వేలాడుతూ
తుప్పు గోకి ఒక కోటు,
ఆరాక ఇంకో కోటు.
అక్కడ ఖాళీ అంటే తప్పు.
సూపర్‌వైజరు టార్చి వేసి మరీ వెతికేవాడు.

ఇప్పుడు మోకాళ్ళ మీద అట్ట,
అట్ట మీద కాగితం, హార్లిక్స్ సీసాలో నీళ్ళు.
కోటవీధి పక్క సందులో
దానయ్యమ్మ అరుగు మీద కూచుని
అమ్మవారి పండగ వీధిని బొమ్మ వేస్తున్నాను.

వీధిలో ఒక్కరూ లేరు.
మూడింటికే డప్పులు కదిలాయి.
ఘటాలెత్తుకుని ఆడవాళ్ళు, వెనక పులివేషాలు,
ఆ వెనక చెప్పులు చేత పట్టుకుని మిగతా ఊరంతా
సముద్రానికి పోయారు.
చప్పుడు మార్కెట్టు మలుపు తిరిగింది.
గాలి ఇటు మళ్ళినప్పుడు మాత్రం ఒక ముక్క వినిపిస్తుంది.

ఉన్నవి ఇవి:
మేడకీ పెంకుటింటికీ మధ్య రంగుకాగితాల తోరణాలు,
గుంజలకి వేపమండలు,
ఎల్లాజీ పగలే వెలిగించి మరిచిపోయిన సీరియల్ బల్బులు
(ఎండలో అవి వెలుగుతున్న సంగతి
నాకూ కరెంటు మీటరుకీ తప్ప ఎవరికీ తెలీదు),
అద్దెకి తెచ్చిన ఎర్ర కుర్చీలు నలభై,
ఒకదాని మీద ఎవరిదో కళ్ళజోడు పెట్టె.
చివర, రెండు గోడల సందున జానెడు సముద్రం.
అందులో లంగరేసిన ఓడ.
సరుకు లేదు కాబట్టి తేలి, ఎర్ర పొట్ట బయటపెట్టుకుంది.
ఇంత దూరం నుంచీ చెప్పగలను,
రెండో కోటు తొందరపడ్డారు.

నీటిరంగుల్లో తెలుపు వెయ్యరట, వదిలేస్తారట.
మనవరాలి డ్రాయింగు టీచరు చెబితే
నమ్మబుద్ధి కాలేదు. వదిలెయ్యడం కూడా ఒక పనేనా?
నెల్లాళ్ళు నా చెయ్యి దానంతటదే పోయి
ఖాళీ కనిపించిన చోటల్లా పూడ్చేసింది.
ఇవాళ మాత్రం కుర్చీల వీపుల మీది ఎండని
ముట్టుకోకుండా ఆపగలిగాను.

కాళ్ళనొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన దానయ్యమ్మ
గుమ్మం పట్టుకుని వంగి చూసింది.
"ఏటిది, మనుసుల్నెక్కడెట్టేవు?"
"సముద్రానికెళ్ళారు గదా."
"అదెరుగుదును. బొమ్మలోకైనా ఒకలిద్దరు రాకూడదేటి?
గుడ్డలారేసిన దండెంలాగుంది నీ పండగ."

నిజమే.
బ్రష్షు తడిపాను. ఎవర్ని పెట్టను?
తోరణం కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకున్న పిల్లాణ్ణా?
కుర్చీలు మూడుసార్లు లెక్కపెట్టుకుపోయిన టెంటుహౌసు మనిషినా?
మైలపిల్లి పోలయ్యనా?

నా తాడు పక్క తాడు మీద ఇరవై రెండేళ్ళు.
పండగొస్తే పులి.
ఇదే అరుగు మీద బోర్లా పడుకుంటే
వాడి వీపు మీద చారలు నేనే దిద్దేవాణ్ణి.
"పసుపారకుండా నలుపెయ్యకురా, కారిపోద్ది" అనేవాడు,
వీపుకి రంగులు కనిపిస్తాయన్నట్టు.
ఊపిరి పీల్చినప్పుడల్లా చార కదిలేది.
ఆగమంటే నవ్వేవాడు, ఇంకా కదిలేది.
ఈ ఏడు కుర్రాళ్ళు
చారలచ్చేసిన బనియన్లు తొడుక్కుని వెళ్ళారు.
బాగానే ఉన్నాయి.
నన్నెవరూ పిలవలేదు.

మనిషిని పెట్టలేదు.
పొద్దు వాలింది. పసుపునీళ్ళు చల్లిన నేల మీద
గుంజల నీడలు, తాళ్ళ నీడలు
అడ్డంగా సాగాయి.
తోరణం ఊగినప్పుడల్లా నేల
పైకి లేచి దిగినట్టుంది.
అంతసేపూ చూసి
వీధి మొత్తానికి ఒకే కోటు పసుపు వేశాను,
కుర్చీల దగ్గర ఆగి, ఆగి.

డప్పులు మళ్ళీ మార్కెట్టు దగ్గర.
"ఒచ్చేస్తన్నారు, బేగి కానీ" అంటోంది దానయ్యమ్మ.
బ్రష్షుకి నలుపు ఎక్కించుకునే ఉన్నాను.
సముద్రపు గాలికి ఏదీ తొందరగా ఆరదు.
వేలి కొసతో ముట్టి చూశాను,
ఇంకా తడే.