నీళ్లు నిలవని చోటు

గౌర్లే పోయాక లెక్క మొదలైంది:
మొత్తం ముప్ఫై ఒక్క గోల్ఫ్ మైదానాలు,
వాటిలో గొప్పవి నాలుగా, అయిదా?
మొరే తీరాన క్లబ్బు గదిలో
టీ చల్లారింది, వాదన చల్లారదు.

ఇష్బెల్ మాత్రం బూట్లు విప్పలేదు.
అక్కడి గడ్డి కోసే మనిషి.
"డబ్బున్నచోట కొండను ఎవడైనా జరుపుతాడు.
లేనిచోట ఏం చేశాడో చూద్దాం పదండి."

వానలో ఏడో గుంత దాకా నడిపించింది.
గొర్రెలు ఉత్తరగాలికి దాక్కుని
ఒళ్లు రాసీ రాసీ తొలిచిన పల్లం.
దాన్ని ముట్టుకోలేదు గౌర్లే,
నాలుగు బళ్ల ఇసుక పోసి ఊరుకున్నాడు.

పక్కనే గ్రీన్ మీద
పొద్దుటి నుంచీ కురిసిన వాన
ఒక్క చుక్కా నిలవలేదు.
ఎటు పోయిందని అడిగాను.
"నలభై ఏళ్లుగా నేనూ అదే చూస్తున్నా."

జేబులో నా జాబితా తడిసి ముద్దయింది.