రెండు సుడులు

యలహంక పాత ఊళ్ళో, ఆదివారం ఎనిమిదింటికి,
ఓబులేసు దువ్వెన
మా వాడి నడినెత్తి మీద ఆగింది.
"రెండు సుడులుండాయి మేడం.
రెండు పెండ్లిండ్లు తప్పవు వీనికి."
బెంచీ మీద కన్నడ పేపరు చదివే పెద్దాయన
పేజీ దించి నవ్వాడు.
పురుటి మంచం పక్కన మా అమ్మా ఇదే మాట అంది.
వాడు మాత్రం అద్దంలోంచి నన్ను అడిగాడు:
"ఎటు తిరగాలో వెంట్రుకలకి ఎవరు చెప్పారమ్మా?"

నాన్నా, నా ఉద్యోగమే అది.
నిన్న రాత్రి పదకొండు దాకా అదే చూస్తూ కూచున్నా.
అన్నానికి రాలేదని నువ్వు అలిగి పడుకున్నది అందుకే.

పండు ఈగ రెక్క. నువ్వుగింజంత కూడా ఉండదు.
దాని మీద ముప్పైవేల కణాలు,
కణానికి ఒక్క వెంట్రుక,
సోమవారం పొద్దున హెబ్బాళ ఫ్లైఓవర్ మీద
బండ్లన్నీ ఊరివైపే ముక్కు పెట్టినట్టు
అన్నీ రెక్క కొసవైపే.

పైకేదో కిందకేదో కణానికి ముందే తెలుసు,
నేల ఆనిన వైపు పాదం, ఖాళీ వైపు నెత్తి.
తెలియనిది పక్క.
పరుచుకున్న ఆ చాపలో కొస ఏ దిక్కు?
కొసని చూసిన కణం ఒక్కటీ లేదు.
గోడకి గోడ ఆనించుకుని
ఇటు గోడకి ఒక ప్రోటీన్ కూడేసుకుంటుంది,
అటు గోడకి ఇంకొకటి.
ఇవతలి ఇంటి కొక్కెం, అవతలి ఇంటి గొళ్ళెం.
పడితే నిలుస్తాయి, పడకపోతే జారిపోతాయి.
మొదట్లో అంతా తప్పుల తడక.
ప్యూపాలో ముప్పై రెండో గంటకి
రెక్కంతా ఒక్క మాట మీద ఉంటుంది.

నిన్న నేను చూసింది అది కాదు.
ఒక చిన్న మచ్చ.
అక్కడి కణాల్లో ఆ జన్యువుని నేనే తీసేశాను.
వాటి వెంట్రుకలు సుడి తిరిగాయి, అది అనుకున్నదే.
మచ్చకి అవతల
ఏ లోపమూ లేని కణాలు, నాలుగైదు వరసలు,
కొసకి వీపు పెట్టి
మచ్చవైపే తిరిగి నిలబడ్డాయి.
వాటి తప్పేం లేదు.
పక్కింట్లో పలికేవాళ్ళు లేరు, అంతే.

ఇదంతా వాడికి చెప్పలేదు.
"పక్కవాటిని చూసి తిరుగుతాయిరా" అన్నాను.
"మరి మొదటిది ఎవర్ని చూసింది?"
కత్తెర ఆగింది. పేపరు కూడా.
దాని మీద మా ల్యాబులో రెండు వర్గాలు,
టీ దగ్గర మాట్లాడుకోవు.
"తెలీదు" అన్నాను.

ఓబులేసు నీళ్ళు చల్లి దువ్వాడు,
కుడికొకసారి, ఎడమకొకసారి.
రెండు సుడుల నడుమ ఒక పోచ
ఎటూ పోలేక
నిటారుగా లేచి నిలుచుంది.
"దీన్ని పండబెట్టలేను మేడం.
నలభై ఏండ్లుగా ఓడిపోతానే ఉండా.
నూరు రూపాయలియ్యండి."