తేడా

పలమనేరు మార్కెట్లో టమోటాలు ఏరతా.
పండు, దోర, కాయ: ఇరవై రెండేండ్లు
బొటనవేలే చూసింది.
కండ్లకు మూడూ ఒకటే బురదరంగు.

చిత్తూరు కంటి డాక్టరమ్మ
కుడికంటికి ఎర్రద్దం పెట్టి
"రంగు రాదు మొగిలప్పా, తేడా వస్తాది" అనింది.

వచ్చింది.
క్రేటులో కొన్ని వెలిగినాయి, కొన్ని మసిబారినాయి.
వేలు పండంటే అద్దం కాదంటాది;
తెల్లారుజామున మండీ బల్బు కింద
ఇద్దరు మేస్త్రీల నడుమ కూలోడినైనా.

ఇంటికాడ ధనభాగ్యం ఆ చీరలోనే ఉండింది,
పెండ్లైన కొత్తలో నేను ఎర్రదని తెచ్చింది.
అద్దంలో మసి.
"ఇది ఏం రంగు మే?"
"నువ్వు ఎరుపంటివి గదా. ఎరుపే,"
తలెత్తకుండా సంగటి కెలకతా అనింది.

అద్దం జేబులో పెట్టుకున్నా.
ఊరిబిండి కారంగా ఉండింది.
పచ్చిమిరపో ఎండుమిరపో
అడగలేదు.