కొసరు

స్విండన్ ఊరి చివర, రైలు పట్టాలకీ రింగు రోడ్డుకీ మధ్య
రేకుల షెడ్డులో మా కంపెనీ.
కంప్యూటర్లు బిగించి బడులకీ, పన్నుల ఆఫీసులకీ పంపేవాళ్లం.
నాది కొనుగోళ్ల ఖాతా.
పదకొండేళ్లు కూడికలే నా జీతం.
ఒక్కటీ తప్పు పోలేదు.
ఇప్పుడు గుచ్చుకునేదీ అదే.

మూడు నెలలకోసారి ఒక డబ్బు వచ్చేది
పెద్ద చిప్పు కంపెనీ నుంచి.
"మార్కెట్ అభివృద్ధి నిధి" అని దానికి పేరు.
మేం ఏ మార్కెట్టునీ అభివృద్ధి చేసిన గుర్తు లేదు.
ఏ పద్దులో వేయమంటారని అడిగితే
పార్జిటర్ కిటికీలోంచి వాన చూస్తూ
"రాసెయ్ వకూలా" అన్నాడు,
నా పేరుని ఎప్పటిలా సాగదీసి.
రాసేశాను.

గుంటూరు మార్కెట్లో బీరకాయలమ్మే మనిషి
తూకం అయ్యాక ఒక కరివేపాకు రెబ్బ సంచిలో పడేసేది.
అది కొసరు.
పక్క గంప కేసి చూడకు అని
ఆ రెబ్బకి మాట కట్టలేదు.

ఈ కొసరుకి మాట ఉంది.
కాగితం మీద లేదు, ఫోన్లో ఉంది.
నూటికి తొంభై అయిదు మా దగ్గరే కొనాలి.
తొంభై నాలుగైతే?
అయితే కొసరు లేదు,
ఆ ఏడు కొన్న మొదటి చిప్పు నుంచీ లేదు.
మా లాభం ఎంత అని లెక్క వేశాను.
కొసరంత.
మళ్లీ వేశాను.
సరిగ్గా కొసరంతే.

ఒక ఏప్రిల్లో, బ్రిస్టల్లోని చిన్న కంపెనీ తరఫున
గ్లెనిస్ వచ్చింది. తడిసిన కోటు, ఒళ్లో అట్టపెట్టె.
పరీక్షల గదిలో డెరిక్ ఆమె చిప్పుని బిగించి
రాత్రంతా నడిపాడు.
పొద్దున ఫ్యానుకి అరచెయ్యి అడ్డం పెట్టి
"చల్లగా ఉంది" అన్నాడు.
డెరిక్ నోట అంతకు మించిన పొగడ్త నేనెరగను.

ధర సగానికి ఇస్తానంది.
పార్జిటర్ తల అడ్డంగా ఊపాడు.
పావుకి.
ఊపాడు.
కాసేపు పెట్టె మూత సర్దుకుంటూ కూచుని
"మొదటి వెయ్యీ ఊరికే తీసుకోండి" అంది.

ఊరికే ఇస్తే మాకు ఎంతవుతుందో
నా కాలిక్యులేటర్ మీద ఉంది.
పార్జిటర్ అది చూశాడు, ఆమె చూడలేదు.
నేను తిప్పి పెట్టాను.
ఆమె టీలో పాలు ఎక్కువ పోశాను.
తాగింది, థాంక్స్ చెప్పింది, వెళ్లింది.
డెరిక్ ఆ ఒక్క చిప్పు తిరిగివ్వడం మర్చిపోయానన్నాడు.

విచారణవాళ్లు ఆరేళ్లకు వచ్చారు.
మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?
లేదండీ. క్రిస్మస్‌కి చీజు బుట్ట పంపేవాళ్లు.
ఫలానాది కొనొద్దని ఎక్కడైనా ఉందా?
లేదండీ.
మరి ఈ వరుసలో చేతిరాత?
నాదే.
అంకె సరైనదేనా?
పైసాతో సహా.

తర్వాత జరిమానా, దాని మీద అప్పీలు,
అప్పీలు మీద అప్పీలు.
తీర్పు వచ్చేసరికి గ్లెనిస్ కంపెనీ ఉన్న భవనంలో
పిల్లలు ట్రాంపొలీన్ మీద ఎగురుతున్నారు.
పుట్టినరోజులకి రాయితీ ఉంటుందని బయట బోర్డు.
డెరిక్ ఇంట్లో ఆ చిప్పు ఇంకా నడుస్తోందట.
చల్లగానే.

మొన్న శనివారం సంతలో
టమాటాలు తూచినవాడు నవ్వుతూ
కొత్తిమీర కట్ట ఒకటి పైన వేశాడు.
తీసి వెనక్కి పెట్టాను.
అతనికి అర్థం కాలేదు, నేనూ విప్పి చెప్పలేదు.
పక్క బల్ల దగ్గరికి వెళ్లి
నాలుగు నిమ్మకాయలు కొన్నాను,
ఇంట్లో ఉన్నా.