కంకర కుప్ప

బల్ల మీద మూడు పుస్తకాలు.
గురువారం రెండింటిలోగా ఒకటి ఎంచి సంతకం పెట్టాలి,
ఫస్టియర్ ఇంజనీరింగ్, కలన గణితం.
సోహార్‌లో ఆగస్టు. కిటికీ అద్దానికి బయటివైపు చెమట పట్టి
పార్కింగ్‌లో కార్లన్నీ కాలు తగిలి చెరిగిన ముగ్గులా ఉన్నాయి.

మొదటిది పదమూడు వందల పేజీలు.
చేత్తో ఎత్తి చూశాను, రెండు కిలోల బియ్యం సంచి.
లోపల రంగుల గ్రాఫులు, వంతెనల ఫొటోలు.
ఇరవై ఆరు రియాళ్ళు.
"ఒకడు కొంటాడు, నలభై ఫోన్లలోకి దిగుతుంది" అంది జెస్సీ.

రెండోది సన్నం. సిద్ధాంతం, నిరూపణ, సిద్ధాంతం, నిరూపణ,
నడుమ ఊపిరి తీసుకునే చోటు లేదు.
డాక్టర్ హానీకి అదంటే ప్రాణం.
కైరోలో ఆయన్ని మనిషిని చేసింది అలాంటి పుస్తకమేనట.

మూడోదానికి బూడిదరంగు అట్ట. అచ్చుతప్పులు.
సగం లెక్కలకే జవాబులు.

నేను ముందు సిద్ధాంతాలు చూడను, లెక్కలు చూస్తాను.
మొదటి పుస్తకంలో మంచుబంతి కరుగుతోంది
నిమిషానికి ఇన్ని ఘనసెంటీమీటర్లు.
నా క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది. మంచు చూసినవాళ్ళు ఇద్దరు,
అదీ మాల్‌లో, టికెట్ కొని.
నిచ్చెన గోడ మీంచి జారుతోంది. సరే, అది ఎక్కడైనా జారుతుంది.
కంకర బెల్టు మీంచి పడి శంకువులా కుప్పవుతోంది,
ఎత్తెప్పుడూ అడుగు వ్యాసానికి సమానం.

ఇక్కడ ఆగాను.

పోయినేడు ఇదే లెక్క బోర్డు మీద వేస్తే
వెనక వరసలోంచి మౌజా చెయ్యెత్తింది.
ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు.
"మిస్, కంకర అలా నిలబడదు.
మా నాన్న క్రషర్ దగ్గర టిప్పర్ నడుపుతాడు.
కుప్ప అడుగు ఎత్తుకి రెండింతలు దాటే ఉంటుంది.
ఇంత నిటారుగా పోస్తే పోసినవాడి కాళ్ళ మీదికే వస్తుంది."
క్లాసు నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఇరవై రెండేళ్ళుగా ఆ కుప్పని నిలబెడుతున్నాను
నిజామాబాద్‌లో, హైదరాబాద్‌లో, ఇక్కడ,
ఒక్క రాయీ జారలేదు.

ఆ సాయంత్రం క్రషర్ దారిన కారాపి
ఫోన్‌ని వాలుకి ఆనించి కోణం కొలిచాను.
ముప్ఫై ఏడు డిగ్రీలు.
వాచ్‌మన్‌ది జగిత్యాల పక్క.
"ఏంది మేడం, కుప్పకు జరమొచ్చిందా?" అన్నాడు.

ఇంకో సంగతి.
మా బడిలో అవధి అన్నారు. వీళ్ళ బడిలో నిహాయా,
అంటే ముగింపు. అక్కడికి వెళ్ళి ఆగిపోవాలనుకుంటారు పిల్లలు.
కాదమ్మా, చేరక్కర్లేదు,
ఎంత దగ్గరికి రమ్మంటే అంత దగ్గరికి రాగలిగితే చాలు,
అని ఒప్పించడానికి నాకో వారం పడుతుంది.
మొదటి పుస్తకం దీనికి ఒక రంగుల గడి ఇచ్చింది.
రెండోది ఒకటిన్నర వాక్యం.
మూడోదాన్ని రాసినాయన ఎవరో నాలుగు పేజీలిచ్చి
ఒక పట్టిక వేసి, ఇక్కడేం జరుగుతోంది అనడిగి
కింద మూడు ఖాళీ గీతలు గీశాడు.

"ఖాళీ గీతలకి తొమ్మిది రియాళ్ళా?" అన్నాడు హానీ,
టీలో చక్కెర కలుపుతూ.
ఆయన మాటలో తప్పులేదు. ఆ గీతలు చాలామంది నింపరు.
కొందరు బొమ్మలు గీస్తారు, కొందరు పేర్లు రాసుకుంటారు.

రెండు కావడానికి పది నిమిషాలుంది.
పేజీలు తిప్పితే నూట తొంభైలో ఇదిగో,
మూడోదాంట్లోనూ కంకర కుప్ప.
అదే ఎత్తు, అదే అడుగు.

ఫారంలో కారణాలు అన్న గడి రెండంగుళాలు.
జెస్సీ పెన్ను అడిగి తీసుకుని
"దీనికి మార్జిన్లు వెడల్పు" అని రాశాను.