మలుపులో కాలు లేస్తది

బంకులో పిల్లగాడు వెనకమూత ఎత్తి
"మేడం, ట్యాంకు లేదు, ఇంజనున్నది!" అన్నాడు.
వాడి తప్పేం లేదు.
ఈ బండిని మొదటిసారి ఎవరూ సరిగ్గా చదవరు.

అరవై మూడు మోడలు బీటిల్,
వెలిసిన పాలపిట్ట రంగు.
మారేడుపల్లి పార్సీ ముసలాయన పెస్తన్‌జీ
డబ్బు లెక్కపెట్టుకున్నాక కూడా
తాళంచెవి రెండువేళ్ళ మధ్యే పట్టుకుని
"వానలో మాత్రం..." అని ఆగిపోయాడు.

మిగతాది మల్లేపల్లి పూర్తిచేసింది.
గండిపేట మలుపులో తోక తిప్పి
ఒక డాక్టరుని చెరువుకి అప్పజెప్పిందట.
రెండో చాయ్‌కి ఆ డాక్టరు వకీలయ్యాడు.
దుకాణం మూసే వేళకి ఇద్దరయ్యారు.

రహమతుల్లా ఉస్తాద్ మాత్రం
మసిగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ
"కావడి మోసినవా ఎప్పుడన్న?
దీనికి కుండలన్నీ వెనక దిక్కే" అన్నాడు.
ముక్కులో, స్టెప్నీ పక్కన,
ఇరవై కిలోల రేషన్ బియ్యం పెట్టించాడు.
"మలుపుకి ముందే తగ్గు.
లోపలికి పోయినంక భయమైతది, కాలు లేస్తది.
లేవనియ్యకు బేటా. గంతే."

గంతే.
తొలకరి పడి పది నిమిషాలు,
రోడ్డులోని పాత నూనె పైకి తేలే వేళ,
మలుపు మధ్యలో నీళ్ళ ట్యాంకరు.
లేచింది కాలు.
అర సెకను కూడా కాదు.
వెనక చక్రాలు గొంతుక్కూర్చున్నట్టు ముడుచుకున్నాయి,
నా వీపు నాకంటే ముందు బయల్దేరింది,
రోడ్డుండాల్సిన అద్దంలో
బూడిదరంగు నీళ్ళు, ఒక కొంగ.

కాలు మళ్ళీ ఎలా దిగిందో చెప్పలేను.
ధైర్యం అనను.
ఉస్తాద్ గొంతు కావచ్చు, తిమ్మిరి కావచ్చు.
బండి విసుగ్గా నడుం సర్దుకుని
చింతచెట్టుకి జానెడు దూరంలో నిలబడింది.
వెనక ఇంజను టకటక,
ఏమీ జరగనట్టు, కుట్టుమిషనులా.

ముందుమూత తెరిస్తే సంచి పగిలి
స్టెప్నీ మీద, జాకీ మీద, పెస్తన్‌జీ పాత గొడుగు మీద
తెల్లగా బియ్యం.
ఏరగలిగినంత ఏరాను.
కొత్త సంచి వచ్చింది గాని
పాతగింజలు ఏ సందులో దూరాయో,
మూడేళ్ళయినా ప్రతి మలుపులో
జరజరమని ఒక పక్కకి దొర్లుతాయి.
స్పీడోమీటరు కంటే వాటినే నమ్ముతాను.

ఊళ్ళో ఆటోలన్నిటికీ ఇంజను వెనకే.
వాటికెవరూ చెడ్డపేరు పెట్టలేదు.

మొన్న మల్లేపల్లిలో చాయ్ తాగుతుంటే
పక్కబల్ల మీద ఎవరో చెప్తున్నారు:
గండిపేట, పాలపిట్ట రంగు, తోక తిప్పింది.
ఆ వకీలు ఇప్పుడు ఆడమనిషట.
బతకలేదట పాపం.

నేను ఇంకో ఉస్మానియా బిస్కట్ తెప్పించుకుని
చివరిదాకా విన్నాను.